సలాడ్ తింటే బాత్రూమ్, బిస్కెట్ తింటే బరువు: ఐబీఎస్ ఉన్నవాళ్లు ఎలా తగ్గుతున్నారు?

పొడిబ్రెడ్ · ఆదివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. నాకు 34 ఏళ్లు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే పని. మూడేళ్ల కిందట ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పేగులు అతిగా స్పందించే సమస్య) అని తేలింది, విరేచనాల రకం. ఐబీఎస్ ఉన్నవాళ్లు చిక్కి సగమవుతారని అందరూ అంటారు. నేను మాత్రం ఈ మూడేళ్లలో 9 కిలోలు పెరిగాను.

ఎందుకు పెరిగానో నాకు తెలుసు. నా కడుపు గొడవ చేయకుండా ఊరుకునే తిండి నాలుగంటే నాలుగు: తెల్ల బ్రెడ్, తెల్లన్నం, ఉప్పు బిస్కెట్లు, బంగాళాదుంప చిప్స్. బయటికి వెళ్లాలంటే బిస్కెట్ల ప్యాకెట్ బ్యాగులో పడాల్సిందే. ఆకలికి కాదు, ధైర్యానికి.

పోయిన నెల ఇక లాభం లేదని డైట్ మొదలుపెట్టాను. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో తేనె. మధ్యాహ్నం పచ్చికూరగాయల సలాడ్, అందులో ఉల్లిపాయ, ఉడకబెట్టిన శనగలు. సాయంత్రం రెండు ఆపిల్స్. ఆకలేస్తే షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్. నాలుగో రోజు ఆఫీసులో ప్రెజెంటేషన్. నా స్లైడ్ తెరమీద ఉంది, నేను బాత్రూమ్‌లో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి మిగతా స్లైడ్లు ఇంకొకరు చదివేస్తున్నారు. ఆ సాయంత్రమే మళ్లీ బిస్కెట్ల గూటికి చేరాను.

మధ్యలో దారేదైనా ఉందా?

గడియారంముల్లు · ఆదివారం, రాత్రి 10:58

ఆకలికి కాదు, ధైర్యానికి. ఈ మాట నేను రాయాల్సింది, మీరు రాసేశారు.

ఒంటిపూట · ఆదివారం, రాత్రి 11:15

రోజుకు ఒక్కసారే తినండి. నేను నాలుగు నెలల్లో 11 కిలోలు తగ్గాను. తినకపోతే కడుపులో గొడవే ఉండదు. సింపుల్.

మూడోమెట్టు · సోమవారం, ఉదయం 6:20

పొడిబ్రెడ్ గారూ, మీరు తిన్నవి ఒక్కొక్కటే చూడండి. ఉల్లిపాయలో ఫ్రక్టాన్లు. శనగల్లో గెలాక్టో ఒలిగోశాకరైడ్లు. పేరుకు నోరు తిరగదు గానీ కడుపు మాత్రం తిరుగుతుంది. తేనెలో, ఆపిల్‌లో ఫ్రక్టోజ్ ఎక్కువ. ఆపిల్‌లో అది చాలదన్నట్టు సార్బిటాల్ కూడా. షుగర్‌ఫ్రీ గమ్‌లో చాలావాటికి తీపి వచ్చేదే సార్బిటాల్ వల్ల. ఇవన్నీ చిన్నపేగులో సరిగ్గా ఇంకని పిండిపదార్థాలు, వీటినే కలిపి ఫోడ్‌మ్యాప్‌లు అంటారు. నీటిని లోపలికి లాగుతాయి, మిగిలినదాన్ని పెద్దపేగులో బ్యాక్టీరియా పులియబెట్టి గ్యాస్ చేస్తుంది. మామూలు మనిషికి అది కాస్త ఉబ్బరం. మన పేగు నరాలకు అదే నొప్పి, అదే పరుగు. మీరు చేసింది డైట్ కాదండీ, ఫోడ్‌మ్యాప్‌లన్నిటినీ ఒకే రోజు విందుకు పిలిచారు.

నాది ఈ జబ్బుతో పన్నెండేళ్ల కాపురం. డైట్ ఫుడ్ పేరుతో అమ్మేవి చాలావరకు మనలాంటి కడుపుల కోసం చేసినవి కావని తెలుసుకోవడానికి అందులో సగం కాలం పట్టింది. ఒకసారి ప్రోటీన్ బార్ తిన్నాను. రాత్రంతా పక్కన పడుకున్నవాళ్లకు వినిపించేంత గుడగుడ. పొద్దున్నే చెత్తబుట్టలోంచి ఆ కాగితం తీసి, మడతలు సరిచేసి చదివితే రెండో పదార్థం చికోరీ వేరు పీచు, అంటే ఇన్యులిన్. అదీ ఫ్రక్టానే. ఆ కాగితం చాలాకాలం ఫ్రిజ్ మీద అంటించి ఉంచాను.

నాకు పనిచేసింది ఇది: కడుపు ఒప్పుకున్న తిండిని వదిలిపెట్టలేదు. దాని కొలత మార్చాను, వండే తీరు మార్చాను. మీ జాబితాలోదే తీసుకోండి. బంగాళాదుంప ఉడకబెట్టి తింటే 100 గ్రాములకు 90 కేలరీల లోపే. అదే దుంప చిప్స్ అయ్యాక 100 గ్రాములకు 500 దాటుతుంది. దుంప అదే, కడుపుకు పరిచయం అదే, తేడా అంతా నూనెది. పైగా ఎక్కువ నూనె కూడా విరేచనాల రకం వాళ్లను పరిగెత్తిస్తుంది. మీరు బరువు కోసం చిప్స్ మానితే కడుపు కూడా కొంచెం సంతోషిస్తుంది.

అన్నం కప్పుతో కొలిచి పెట్టుకోండి, దాని పక్కన గుడ్డో చేపో చికెనో చేర్చండి. వీటిలో ఫోడ్‌మ్యాప్‌లు ఉండవు. కూరగాయలు పచ్చివి వద్దు. క్యారెట్, లేత బీన్స్, పాలకూర మెత్తగా ఉడికించి తినండి. ఆకలి తీరాలంటే పళ్లెంలో ప్రోటీన్ ఉండాలి, అది మీ జాబితాలో అసలు లేదు చూశారా?

పొడిబ్రెడ్ · సోమవారం, ఉదయం 8:05

చెత్తబుట్ట కాగితం దగ్గర గట్టిగా నవ్వాను, పక్కవాళ్లు చూశారు. ధన్యవాదాలు అక్కా. (అక్కా అనొచ్చా?) అయితే లో-ఫోడ్‌మ్యాప్ డైట్ మొత్తంగా మొదలుపెడితే బరువు కూడా తగ్గిపోతుందా?

మూడోమెట్టు · సోమవారం, ఉదయం 8:30

అక్కా అనే అను. నా పిల్లలు ఈ మధ్య నన్ను ముసలమ్మా అంటున్నారు, దానికంటే నయం.

కొలతగిన్నె · సోమవారం, మధ్యాహ్నం 1:10

నేను డైటీషియన్‌గా పనిచేస్తాను. ఇది మీ ఒక్కరికి ఇచ్చే సలహా కాదు, పరీక్ష చేయకుండా ఎవరికీ ఇవ్వను. కానీ ఈ ప్రశ్న నన్ను వారానికి రెండు మూడుసార్లైనా అడుగుతారు కాబట్టి రాస్తున్నాను.

లో-ఫోడ్‌మ్యాప్ బరువు తగ్గించే డైట్ కాదు. మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని తయారుచేసింది ఐబీఎస్ లక్షణాల కోసం. చక్కెర, వెన్న, తెల్లన్నం, చిప్స్ అన్నీ లో-ఫోడ్‌మ్యాపే. ఈ డైట్ మీద శుభ్రంగా బరువు పెరగవచ్చు.

రెండో సంగతి, ఇది జీవితాంతం ఉండేది కాదు. మొదటి దశ 2 నుంచి 6 వారాలు, అన్నీ తగ్గించడం. తర్వాత ఒక్కో రకాన్నీ విడిగా తెచ్చి, మూడు రోజులపాటు కొంచెం కొంచెం పెంచుతూ చూడటం. చివరికి ఏది పడదో అది మాత్రమే తగ్గించుకుని మిగతావన్నీ తినడం. చాలామంది మొదటి దశలోనే కూర్చుండిపోతారు. పేగుల్లో మంచి బ్యాక్టీరియాకు తిండి తగ్గుతుంది, మనిషికి తినడమంటేనే భయం పట్టుకుంటుంది. గతంలో తిండి విషయంలో మానసికంగా ఇబ్బంది పడినవాళ్లు, అంటే ఈటింగ్ డిజార్డర్ ఉన్నవాళ్లు, ఈ డైట్ సొంతంగా అసలు మొదలుపెట్టకూడదు.

పొడిబ్రెడ్ గారి పోస్టులో ఇంకో విషయం ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడకు తెల్ల బ్రెడ్ పడుతోంది. గోధుమలో ఉండేదీ ఫ్రక్టానే. అది రోజూ తింటున్నా ఇబ్బంది లేదంటే, ఆ మోతాదు వరకు ఫ్రక్టాన్లను ఆ పేగు భరిస్తోందన్నమాట. అనుమానించాల్సింది సార్బిటాల్, ఫ్రక్టోజ్, శనగలు, ఉల్లిపాయ మోతాదు. అంటే గోధుమ మానాల్సిన పనే ఉండకపోవచ్చు. తెలియకుండా పది మానేయడం కంటే తెలిసి రెండు తగ్గించుకోవడం తేలిక.

బరువు లెక్క అందరికీ ఒకటే: ఖర్చయ్యేదానికంటే లోపలికి వెళ్లేది తగ్గాలి. రోజుకు 500 కేలరీలు తగ్గిస్తే చాలామందికి మొదట్లో వారానికి అర కిలో వరకు తగ్గుతుంది. ఐబీఎస్ ఉంటే ఇంకా నెమ్మదిగా, 250 లేదా 300తో మొదలుపెట్టమంటాను. తిండి ఒక్కసారిగా మారితే పేగు ఊరుకోదు. గబగబా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం కూడా ఉంది.

ఒంటిపూట · సోమవారం, మధ్యాహ్నం 2:02

ఇంత కష్టం ఎందుకండీ. ఒక్కపూట తింటే లెక్కలే అక్కర్లేదు కదా.

మూడోమెట్టు · సోమవారం, మధ్యాహ్నం 2:40

అన్నా, మీకు ఐబీఎస్ ఉందా?

ఒంటిపూట · సోమవారం, మధ్యాహ్నం 2:44

ఎసిడిటీ ఉంది.

మూడోమెట్టు · సోమవారం, మధ్యాహ్నం 2:51

అదీ సంగతి. తిండి కడుపులో పడగానే పెద్దపేగు కదలడం మొదలెడుతుంది. గ్యాస్ట్రోకోలిక్ రిఫ్లెక్స్ అంటారు. అందరికీ ఉండేదే, మనకు కాస్త ఎక్కువ. భోజనం ఎంత పెద్దదైతే, అందులో కొవ్వు ఎంత ఎక్కువైతే ఆ కుదుపు అంత ఎక్కువ. రోజంతా ఆగి రాత్రి ఒకేసారి తింటే ఏమవుతుందో నేను ఒక పండగ ఉపవాసం నాడు కనుక్కున్నాను. వివరాలు వద్దులెండి.

ఒంటిపూట · సోమవారం, మధ్యాహ్నం 3:00

నాకు పడింది, నేను చెప్పాను. మీకు పడకపోతే మానండి. కోపం లేదు.

నీలిగొడుగు · సోమవారం, రాత్రి 9:30

అందరూ తగ్గడానికి తిప్పలు పడుతున్నారు, నేనొక్కదాన్నే అదృష్టవంతురాలిననుకుంటా. ఐబీఎస్ అనే అన్నారు. ఏ డైటూ చేయకుండానే నాలుగు నెలల్లో 61 నుంచి 55కి వచ్చాను. రెండు వారాలుగా గోధుమ మానేశాను, కడుపు కూడా కాస్త నయం. నీరసం ఒక్కటే ఉంది, జుట్టు కూడా ఊడుతోంది. ఎవరైనా ఐరన్ మాత్రలు వాడారా?

కొలతగిన్నె · సోమవారం, రాత్రి 9:41

నీలిగొడుగు గారూ, దయచేసి ఈ వారమే డాక్టర్‌ను కలవండి. భయపెట్టడానికి చెప్పడం లేదు. ప్రయత్నం లేకుండా 6 నుంచి 12 నెలల్లో 5 శాతం బరువు తగ్గితేనే కారణం వెతుకుతారు. మీది నాలుగు నెలల్లోనే దాదాపు 10 శాతం. ఐబీఎస్ తనంతట తాను మనిషిని ఇలా కరిగించదు. తిండి మానేసి చిక్కేవాళ్లు ఉంటారు, మీరు తింటూనే తగ్గుతున్నారు.

మలంలో రక్తం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, 50 దాటాక కొత్తగా మొదలైన లక్షణాలు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ గానీ క్రోన్స్ (పేగుల్లో దీర్ఘకాలం ఉండే వాపు జబ్బు) గానీ సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక చిన్నపేగు దెబ్బతినే జబ్బు) గానీ ఉండటం, ఇవి కూడా అలాంటివే. వీటిలో ఏది ఉన్నా ఐబీఎస్ అన్న పాత మాట పట్టుకుని కూర్చోకూడదు.

ముఖ్యమైన సంగతి: గోధుమ మానేశానని డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. సీలియాక్ రక్తపరీక్ష గోధుమ తింటున్నప్పుడే నమ్మకంగా పనిచేస్తుంది. మానేశాక చేస్తే జబ్బున్నా లేదని రావచ్చు.

మూడోమెట్టు · సోమవారం, రాత్రి 9:50

అమ్మా, ఐరన్ మాత్రలు తర్వాత. ముందు అపాయింట్‌మెంట్ తీసుకుని ఇక్కడ ఒక్క మాట రాయి.

నీలిగొడుగు · మంగళవారం, ఉదయం 7:15

రాత్రి నిద్రపట్టలేదు. గురువారానికి తీసుకున్నాను.

గడియారంముల్లు · మంగళవారం, రాత్రి 8:20

మంచి పని చేశారు నీలిగొడుగు గారూ.

నాది మలబద్ధకం రకం. తూకం గురించి రాయాలి, ఎందుకంటే నేను రెండేళ్లు ఆ యంత్రానికి బానిసను. పొద్దున ఒకసారి, బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక ఒకసారి, రాత్రి ఒకసారి. కడుపు కదలని మూడు రోజులు 72.8, 73.1, 73.6. నాలుగో రోజు 72.2. డైట్ చెడిందని మూడు రోజులు ఏడుపు, నాలుగో రోజు పండగ. కొవ్వు మాత్రం అక్కడే ఉంది! ఒక కిలో కొవ్వంటే దాదాపు 7,700 కేలరీలు, రాత్రికి రాత్రి వచ్చేదీ కాదు, పోయేదీ కాదు. ఆ ఎగుడుదిగుళ్లన్నీ నీళ్లు, ఉప్పు, పేగులో ఉన్న సరుకు. అన్నం, బ్రెడ్ తగ్గించిన మొదటి వారం గబగబా తగ్గేదీ అంతే. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్, అంటే పిండిపదార్థం నిల్వ, ఒక్కో గ్రాముకు సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, అది ఖాళీ అయితే నీళ్లూ పోతాయి. విరేచనాలైన మర్నాడు కనిపించే అంకె మరీ పెద్ద అబద్ధం.

ఇప్పుడు రోజూ పొద్దున బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక ఒక్కసారే చూస్తాను. ఆదివారం ఏడింటికీ సగటు కడతాను. పోయిన వారం సగటుతో ఈ వారం సగటు, అంతే. నడుము కొలత కూడా పొద్దున్నే. నాకు పొద్దున 84 ఉంటే రాత్రికి 91 అయిన రోజులున్నాయి. అది కొవ్వు కాదు, ఉబ్బరం. గ్యాస్ మరీ ఎక్కువ లేకపోయినా కొందరిలో ఊపిరితిత్తుల కింది డయాఫ్రం కిందికి దిగి, పొట్ట కండరాలు వదులై ముందుకు తోసుకొస్తాయని నా డాక్టర్ బొమ్మ గీసి చూపించారు. నిదానంగా పొట్టతో ఊపిరి తీసే అభ్యాసం నేర్పారు, సాయంత్రాలు ఇప్పుడు నయం.

ఇంకొకటి. మలబద్ధకం ఉన్నవాళ్లు తిండి తగ్గిస్తే మలం ఇంకా తగ్గుతుంది, ఇంకా బిగుస్తుంది. పీచు పెంచాలని గోధుమ తవుడు మొదలెట్టి నరకం చూశాను. ఇసబ్గోల్ మాత్రం పడింది. అరచెంచాతో మొదలుపెట్టి, పెద్ద గ్లాసు నీళ్లతో, వారానికి కాస్త పెంచుతూ వెళ్లాను. తిండికి ముందు తాగితే ఆకలి కూడా కొంచెం సద్దుమణుగుతుంది.

పొడిబ్రెడ్ · మంగళవారం, రాత్రి 9:02

సగటు ఆలోచన బాగుంది. వ్యాయామం సంగతేంటి? ఇంటి నుంచి దూరం పోవాలంటే టెన్షన్. టెన్షన్ వస్తే బాత్రూమ్. బాత్రూమ్ అనుకుంటే ఇంకా టెన్షన్.

ఎర్రబూట్లు · మంగళవారం, రాత్రి 10:10

నేను పరుగు ఆపేసి నడకకు మారాను. గట్టిగా పరిగెత్తితే ఆరోగ్యవంతులకే కడుపు కదులుతుంది, మనకు చెప్పాలా. మొదటి నెల మా ఇంటి చుట్టూ నాలుగు నిమిషాల గుండ్రం వేసుకున్నాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంట్లోకి దూరవచ్చని తెలిస్తే అసలు దూరాల్సిన అవసరమే రాలేదు, విచిత్రం. 2011లో స్వీడన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో కూడా క్రమంగా శారీరక శ్రమ పెంచినవాళ్లకు ఐబీఎస్ లక్షణాలే తగ్గాయి. కాబట్టి బరువు తగ్గకపోయినా నడక దండగ కాదు.

అరమాత్ర · బుధవారం, ఉదయం 11:35

బరువు తగ్గే మందుల గురించి ఎవరైనా చెప్తారా? నాకూ విరేచనాల రకమే. పొట్ట కోసం రాత్రిపూట చిన్న మోతాదు అమిట్రిప్టిలిన్ కూడా వాడుతున్నాను, దానివల్లే పెరిగానేమోనని అనుమానం. మానేద్దామా?

కొలతగిన్నె · బుధవారం, మధ్యాహ్నం 1:25

మందులు మార్చడం నా పని కాదు, ఇక్కడ ఎవరి పనీ కాదు. తెలిసింది మాత్రం చెప్తాను. అమిట్రిప్టిలిన్ ఆకలిని, బరువును పెంచగలదు. డిప్రెషన్‌కు ఇచ్చే పెద్ద మోతాదుల్లో అది ఎక్కువ, ఐబీఎస్‌కు ఇచ్చేది సాధారణంగా 10 నుంచి 30 మిల్లీగ్రాములే. అనుమానం ఉంటే రాసిచ్చిన డాక్టర్‌నే అడగండి, సొంతంగా ఆపకండి.

ఆర్లిస్టాట్ అనే మందు మనం తిన్న కొవ్వులో కొంత ఇంకకుండా ఆపుతుంది. ఇంకని కొవ్వు ఎటు పోతుందో మీరే ఊహించండి. విరేచనాల రకం వాళ్లకు నేనైతే చెప్పను. సెమాగ్లుటైడ్ లాంటి ఇంజెక్షన్లు కడుపు ఖాళీ అవడాన్ని నెమ్మది చేస్తాయి. వికారం, విరేచనాలు, మలబద్ధకం మూడూ వాటి మామూలు దుష్ప్రభావాలే. వాడేవాళ్లున్నారు, కానీ ఐబీఎస్ ఉందని ముందే చెప్పాలి.

తాళంచెవి (నిర్వాహకుడు) · బుధవారం, సాయంత్రం 5:00

మందుల మోతాదులు ఒకరికొకరు సూచించుకోవద్దు. టీ పొడి అమ్ముకునే లింకు పెట్టిన సభ్యుణ్ణి తీసేశాం. చర్చ సాగించండి.

నీలిగొడుగు · తొమ్మిది వారాల తర్వాత, శనివారం

చెప్పకుండా మాయమయ్యాను, క్షమించండి. గోధుమ మళ్లీ తినమన్నారు, ఆరు వారాలు, రోజుకు రెండుపూటలా. ఆ ఆరు వారాలు ఎలా గడిచాయో చెప్పలేను. యాంటీబాడీలు పాజిటివ్ వచ్చాయి. ఎండోస్కోపీ చేసి చిన్నపేగు ముక్క తీసి చూశారు. సీలియాక్. రక్తహీనత కూడా ఉంది. ఇప్పుడు గోధుమ, బార్లీ, రై పూర్తిగా బంద్, ఈసారి నిజంగా. ఆ రోజు మీరు చెప్పకపోతే గోధుమ మానేసి ఐరన్ మాత్రలు మింగుతూ కూర్చునేదాన్ని.

బరువు 55.9. పెరుగుతున్నందుకు సంతోషిస్తున్నది ఈ చర్చలో నేనొక్కదాన్నే!

మూడోమెట్టు · అదే రోజు

రోజూ నీ పేరు కోసం చూశానమ్మా.

పొడిబ్రెడ్ · మరో మూడు వారాలకు

నా లెక్క కూడా రాస్తున్నాను. 12 వారాలు, వారపు సగటు ప్రకారం 3.4 కిలోలు. ఆఫీసులో ఒకామె ఇదే సమయంలో ఎనిమిది తగ్గింది. చెప్పడం తేలిక, అది విన్న రోజు అరప్యాకెట్ చిప్స్ తిన్నాను.

కొలతగిన్నె గారు అన్నదే నిజమైంది, దగ్గర్లోని ఒక డైటీషియన్‌తో కలిసి ఒక్కొక్కటే పరీక్షించాను. సార్బిటాల్ అసలు పడదు. ఆపిల్ పోయింది, గమ్ పోయింది. గోధుమ ఫర్వాలేదు. పాలు అరకప్పు వరకు సరే. శనగలు డబ్బాలోవి, నీళ్లు పారబోసి బాగా కడిగితే నాలుగు చెంచాలు నడుస్తున్నాయి. ఉల్లిపాయ మెతుకంత తిన్నా తెలిసిపోతోంది. వెల్లుల్లిని నూనెలో వేయించి ముక్కలు తీసేస్తున్నాను. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి గానీ నూనెలో కరగవట, వాసన మాత్రం నూనెకు దిగుతుంది. మూడేళ్ల తర్వాత నా వంట వంటలా వాసనొస్తోంది.

పొద్దున రెండు గుడ్లు, ఒక బ్రెడ్ ముక్క. మూడు భోజనాలు చిన్నవి, మధ్యలో ఒక అరటిపండు, మరీ మగ్గినది కాకుండా. బిస్కెట్ల ప్యాకెట్ ఇంకా బ్యాగులోనే ఉంది. పోయిన నెల 9న కొన్నది, ఇంకా విప్పలేదు.

ఒక ప్రశ్న. ఉల్లికాడలు కూడా మానాలా? చాలా ఇష్టం.

గడియారంముల్లు · పది నిమిషాలకు

9న కొన్న ప్యాకెట్ ఇంకా విప్పలేదా! ఫోటో పెట్టండి.

కొలతగిన్నె · అదే సాయంత్రం

ఆకుపచ్చ భాగం తినొచ్చు. కింద తెల్లగా ఉండే గడ్డ కోసి పక్కన పెట్టేయండి.